జొన్నచేనుకి తోడు

పొద్దున్నే సన్నగా తుంపర పడుతోంది. మా చిన్నోడు పీచుగాడు గూడు అల్లడం ముగించాడు. మా గిజిగాళ్లలో గూడు అల్లేది మగపిట్ట, చూసి మెచ్చేది ఆడపిట్ట.

“చూడ్డానికి ఏ పిల్ల వస్తుందిరా?” అన్నాను.

“పిల్ల వద్దమ్మా. నాకు మగపిట్టలంటేనే ఇష్టం.”

నా ముక్కులోంచి గడ్డిపోచ జారిపోయింది.

పక్క కొమ్మ మీది వదిన వినేసింది. “వాడి పక్కన ఎవరూ ఎగరకండి, అంటుకుంటుంది,” అంది. గుంపంతా జొన్నచేనుకి లేచింది. వాడొక్కడే వెనకబడ్డాడు. ఒంటరిపిట్ట కనబడితే డేగకి పండగే.

వాడి చిన్ననాటి నేస్తం తోకగాడు గిర్రున వెనక్కి తిరిగి వాడి పక్కన చేరాడు.

“గుడ్డులోంచి వచ్చినప్పటినుంచీ వీడి పక్కనే ఎగురుతున్నా అత్తా. అంటుకునేదైతే ఈపాటికి అంటుకునేది. నాకింకా నీ కూతురే నచ్చుతోంది.”

గుంపంతా కిచకిచమంది. వదిన కూతురు అందరికంటే గట్టిగా నవ్వింది. నేను వెళ్లి పీచుగాడికి రెండోపక్కన చేరాను.

సాయంత్రం వాడి గూట్లోకి దూరి చూశాను. “అల్లిక గట్టిగా ఉందిరా. ఎవడొస్తాడో గానీ అదృష్టవంతుడు,” అన్నాను.

తర్వాత కొమ్మ మీద వరసగా లెక్కపెట్టుకున్నాను. నా పిల్లలు నలుగురూ ఇల్లు చేరారు. తోకగాడితో కలిపి ఐదుగురు.