నీలాంబరీదేవి నవల

ఆళ్ళగడ్డ బస్టాండులో కొడుకు కనిపించేసరికి చెన్నకేశవులు గబగబా అటు నడిచాడు. టీ బంకు ముందు బల్ల మీద వాడి పక్కనే కూలబడ్డాడు. నంద్యాల నుంచి బస్సులో నిలబడే వచ్చాడు మరి.

ఓబులేసు కాస్త జరిగి చోటిచ్చాడు, అంతే. వారం రోజుల గడ్డం, భుజాన సంచి, చేతిలో నవల. అహోబిలం బస్సుకు ఇంకా అరగంట ఉంది.

మద్రాసులో మోటార్లు చేసే కంపెనీలో ఆఫీసరు ఉద్యోగం. చేరి మూడేళ్ళు కూడా కాలేదు. దానికి రాజీనామా రాసి పడేసి, ‘అడవిలో ఉంటాను, వెతకొద్దు’ అని ఇంటికి ఒక కార్డు ముక్క పారేశాడు మహానుభావుడు. ఈ వైపు పుట్టినవాడికి అడవి అంటే అహోబిలమేనని తండ్రికి తెలియదా ఏం! నయం, మేనేజరు మంచివాడు. సోమవారం దాకా ఆ కాగితం సొరుగులోనే ఉంచుతాను, ఈలోపు అబ్బాయిని పంపించండి అని టెలిగ్రాం ఇచ్చాడు. ఈరోజు శనివారం.

చెన్నకేశవులు తాలూకా ఆఫీసులో గుమాస్తా. పాతికేళ్ళుగా అదే కుర్చీ, అవే ఫైళ్ళు. కొడుకైనా గొప్పవాడు కావాలని ఎంత తంటాలు పడ్డాడో ఆయనకే తెలుసు. ఇప్పుడు బతిమాలే ఓపిక కూడా లేదు. అయినా బతిమాలాడు. మీ అమ్మ రెండు రోజులుగా అన్నం ముట్టలేదని చెప్పాడు.

ఓబులేసు అంతా విని నవల తెరిచాడు. నీలాంబరీదేవి రాసింది. అందులో ఒకడు కంపెనీలో పెద్ద ఉద్యోగం వదిలేసి, అడవిలో గుహ చేరి, జ్ఞానం సంపాదిస్తాడు. ఓబులేసు దాన్ని పదకొండుసార్లు చదివాడట.

“ఆ కుర్చీలో ఊపిరాడదు నాయనా. ఆ బాధ ఈ యమ్మకు తెలుసు. అనుభవించకుండా ఎవురూ ఇట్ల రాయలేరు.”

“కుర్చీ బాధ తెలుసులే. అడవి సంగతే తెలీదు,” అన్నాడు చెన్నకేశవులు విసుగ్గా. “ఆ గుహ, ఆ జ్ఞానం అన్నీ కల్పనే. ఆ యమ్మ అహోబిలం కొండ గూడా ఎక్కల్యా. ఈ పొద్దుటికీ ఉద్యోగం చేసుకుంటానే ఉంది.”

ఓబులేసు మొదటిసారి తండ్రి వైపు తిరిగాడు. ఆమె యాడుంటుందని అడిగాడు. నంద్యాలలోనే అన్నాడు తండ్రి.

“నీకెట్ల తెలుసు?”

చెన్నకేశవులు టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. తెలుసులే అన్నాడు చివరికి. ఎన్నాళ్ళ నుంచి అంటే, నువ్వు కాలేజీలో చేరిన కాడి నుంచి అన్నాడు.

కొడుకు చూపు మారింది. ఈ సంగతి అమ్మకు తెలుసా అని మెల్లగా అడిగాడు. తెలీదన్నాడు చెన్నకేశవులు, తల దించుకుని.

అహోబిలం బస్సు వచ్చి ఆగింది. జనం తోసుకుంటూ ఎక్కుతున్నారు. ఓబులేసు లేచాడు. చెన్నకేశవులు గబుక్కున వాడి చెయ్యి పట్టుకున్నాడు.

ఓబులేసు చెయ్యి విడిపించుకోలేదు. కానీ మెత్తబడనూ లేదు.

“నువ్వు చెప్తే నిలబడను నాయనా. ఆ యమ్మను పిల్చకరా. ఎనక్కి పొమ్మని ఆమె నోటితో చెప్పనీ. ఇప్పుడే మద్రాసు పోతా. ఒట్టు.”

కండక్టరు విజిల్ వేశాడు. చెన్నకేశవులు అటూ ఇటూ చూశాడు. తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. ఇక తప్పదనుకుని కొడుకు చెవి దగ్గరికి వంగాడు.

“ఎనక్కి పోరా ఓబులేసూ,” అన్నాడు నీరసంగా, “ఆడపేరయితేనే పత్రికలోళ్ళు ఏసుకుంటారని, నీ కాలేజీ ఫీజుల కోసం ఆ పేరు పెట్టుకోని రాసింది నేనే.”