మధ్యలో చిన్న గేరు

"ఏసోబూ, ఒకసారి ఇటు రా. నిన్న ఈ బండి నడిచిందా?"

తిరువూరు బస్టాండు దగ్గర ముబీన్‌ది బైకు సీటు కవర్లు కుట్టే షాపు. పక్కనే పంక్చర్లు వేసే ఏసోబు చేతులు తుడుచుకుంటూ వచ్చి ముబీన్ ఫోన్‌లోకి తొంగిచూశాడు.

"ఎక్కడ నడిచింది? ముందు చక్రాలు ముందుకి, వెనక చక్రాలు వెనక్కి తిరిగాయి. ఉన్నచోటే గింజుకుంది."

"ఇప్పుడు చూడు."

ముబీన్ బటన్ నొక్కాడు. తెర మీద బండి సాఫీగా ముందుకు కదిలింది.

అది బండ్లు తయారుచేసే గేమ్. దిమ్మలు పేర్చి, చక్రాలు బిగించి, నిజం బండికి చూసినట్టే బరువూ వాలూ చూసుకుని నడపాలి. ముబీన్ అందులో కొత్తగా మోటారు గేర్లు వాడుతున్నాడు. వేరే ఇంజను లేకుండా వాటంతట అవే తిరిగే పళ్లచక్రాలవి. ఒకటి తిరిగితే దానికి ఆనుకున్నది ఎదురు దిక్కుకి తిరుగుతుంది. ఆ తిరకాసే వారం నుంచి అతనికి అంతుపట్టలేదు. ఇప్పుడు చూస్తే రెండు గేర్ల మధ్య మోటారు లేని చిన్న గేరు ఒకటి కొత్తగా ఉంది. దాంతో నాలుగు చక్రాలూ ఒకే వైపు తిరుగుతున్నాయి.

"నువ్వే పెట్టి మర్చిపోయుంటావు," అన్నాడు ఏసోబు.

"నాకు తెలిస్తే వారం రోజులు ఎందుకు తల బద్దలుకొట్టుకుంటాను?"

ఆ సాయంత్రం బండిని కొండ ఎక్కించబోయాడు. సగం దూరం వెళ్లి జారిపోయింది. విసుగొచ్చి వదిలేశాడు. తెల్లారి చూస్తే చక్రాల దగ్గర గేర్లు పెద్దవయ్యాయి. బండి నెమ్మదిగా, ఎక్కడా ఆగకుండా కొండెక్కేసింది.

ముబీన్ ఫోన్ పట్టుకుని ఏసోబు దగ్గరికి పరిగెత్తాడు.

"నీ పాస్‌వర్డ్ ఇంకెవరికన్నా తెలుసా?" అడిగాడు ఏసోబు.

లేదనబోయి ముబీన్ ఆగిపోయాడు. రేష్మా పాత ఫోన్‌లోనూ ఈ గేమ్ తన అకౌంటుతోనే పెట్టాడు. అక్కడ ఏం మార్చినా ఇక్కడా మారుతుంది. ఆ ఫోన్ ఆమె బ్యాగులోనే వెళ్లింది.

రేష్మా అతని భార్య. పుట్టింటికి, ఎ.కొండూరుకి వెళ్లి ఇరవై రోజులైంది. గంపలగూడెంలో ఆమె పిన్ని కూతురి నిశ్చితార్థం రోజున ముస్తాబై గుమ్మంలో నిలబడితే, ఐదు నిమిషాలంటూ ముబీన్ ఈ గేమ్‌లోనే మూడు గంటలు కూర్చున్నాడు. ఆమె బ్యాగు సర్దుకుని బస్సెక్కింది. ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తడం లేదు.

"గేమ్ పేరెత్తితేనే మండిపడే మనిషి. తనెందుకు చేస్తుంది?"

"కోపం పోయిందేమో," అన్నాడు ఏసోబు.

గేమ్‌లో ప్రతి బండికీ పేరు పెట్టొచ్చు. ముబీన్ తన బండి పేరు చెరిపేసి 'ఇంటికి రా' అని రాశాడు.

మర్నాడు పొద్దున ఆ పేరు మారిపోయి ఉంది. 'వచ్చి తీసుకెళ్లు.'

షాపు షట్టరు దించి, బైకు మీద ఎ.కొండూరు బయలుదేరాడు. దారంతా అతనికి సంతోషించాలో భయపడాలో తెలియలేదు.

వరండాలో అత్తగారు చాంద్‌బీ మిషను కుడుతోంది. సలాం చెబితే తలూపి మళ్లీ కుట్టు మీదికి వంగింది. రేష్మా గుమ్మంలోకి వచ్చింది.

"ఎవరు రమ్మన్నారు?"

"నువ్వే కదా, పాత ఫోన్‌లోంచి."

"నేనా?"

అడ్డం తిరుగుతోందనుకున్నాడు ముబీన్. దారిలో కూడబలుక్కున్నదంతా మర్చిపోయాడు.

"తప్పు నాదే. నువ్వలా నిలబడి ఉంటే తలెత్తి చూడలేదు. ఇంట్లో నీ చెప్పులున్న చోటు ఖాళీగా కనపడుతోంది. పొద్దున్నే అటు చూడాలంటే భయంగా ఉంది. గేమ్ తీసెయ్యమంటే ఇక్కడే తీసేస్తాను."

రేష్మా అతన్ని ఎగాదిగా చూసింది. లోపలికి వెళ్లింది. మిషను చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. పావుగంటకి బ్యాగుతో వచ్చింది.

మెట్టు దిగబోతూ ఆగి, "ఏమండీ, నేను రమ్మన్నానని ఎందుకన్నారు? వచ్చిన దగ్గర్నుంచి ఆ పాత ఫోన్ నేను ముట్టుకోనేలేదు," అంది.

వెనక మిషను ఆగింది.

"మధ్యలో పెట్టిన చిన్న గేరు మాత్రం తియ్యకు బాబూ," అంది చాంద్‌బీ.