టిక్కెట్టు లేని తోట

“టిక్కెట్టు పెట్టలేదంటే అందులో చూడాల్సిందేమీ లేదనే అర్థం,” అన్నాడు కండక్టరు, చక్రం ఊడిన పెట్టెను బెంచీ పక్కన కుదేసి.

ఉద్యోగం నుంచి దిగిపోయినా ఆయన్ని అందరూ కండక్టరనే పిలుస్తారు. టిక్కెట్టు తీసుకోలేదని సొంత బావమరిదినే నడిదారిలో దింపేసిన ఘనుడు. పెళ్లయ్యాక భార్యను ఊరు దాటించడం ఇదే మొదలు. సాయంత్రం రైలెక్కితే మళ్లీ ఇల్లే. ఈ ఊళ్లో దేశదేశాల చెట్లు పెంచే తోట ఒకటుందనీ, అది చూడందే కదలననీ ఆవిడ పట్టు. స్టేషను నుంచి దారి తెలిసినట్టు ముందు నడిచిందీ ఆవిడే. ఆయన తలొంచుకుని, పెట్టెను తిట్టుకుంటూ ఈడ్చుకొచ్చాడు.

“అవును మరి,” అందావిడ, చెప్పులు విడిచి గడ్డి మీద కాళ్లు చాపుకుంటూ.

“ఊరికే రానిస్తున్నారంటే ఏదో తిరకాసు ఉంటుంది. లోపలికి పోయాక పట్టుకుంటారు.”

“పట్టుకుని?”

“టిక్కెట్టేదీ అంటారు. అమ్మని టిక్కెట్టు మనమెక్కణ్ణుంచి తెస్తాం?”

ఆవిడ నవ్వు ఆపుకుంది. “నిజమే. మీరు తీరిగ్గా ఆలోచించండి. నేనలా తిరిగొస్తా.”

ఆయన ఆలోచించాడు. ఆలోచిస్తూనే డబ్బాలో తెచ్చుకున్నది తిన్నాడు. చల్లగాలి తగిలేసరికి బెంచీ మీదే ఒరిగి గురకపెట్టాడు. లేచి చూస్తే ఆవిడ ఒళ్లో పేరు తెలియని ఆకులు, కాయలు.

“ఎక్కడివి?”

“రాలి పడున్నాయి.”

“చూశావా! చెట్ల కోసం తోటకే పోవాలా? ఇక్కడ మాత్రం తక్కువున్నాయా?”

“అవును మరి.”

ఆయన ఇంకేదో అనబోయి ఆవిడ మొహం చూశాడు. చెంపకు మట్టి అంటింది. కళ్లు చిన్నపిల్ల కళ్లలా మెరుస్తున్నాయి. రాలిన ఆకులకే ఇంత సంబరపడే మనిషిని ఇన్నాళ్లూ ఇంట్లో కూర్చోబెట్టానే అనుకున్నాడు. రైలుకు వేళవుతోంది. అయినా పెట్టె భుజానికెత్తుకున్నాడు.

“లే. రైలు పోతే పోనీ. ఎవడైనా టిక్కెట్టు అడిగితే నేను చెప్పుకుంటా. గేటెటు?”

ఆవిడ చెప్పులు తొడుక్కుంది.

“పొద్దున్నే దాటొచ్చాం.”