తాయెత్తు వెనక దీపం

జుమాదిల్ కారుకు మెకానిక్కు అక్కర్లేదనీ, దాని బాగోగులన్నీ ముల్లాగారే చూసుకుంటున్నారనీ పక్కింటి బురుల్కన్ నీళ్ల పంపు దగ్గర చెప్పిందట. ఆ మాట చెవిన పడి, జుమాదిల్ అది మెప్పే అనుకున్నాడు.

ఈ ఉదయం కోడలు బెర్మెత్‌నీ, నలభై రోజుల మనవణ్ణీ కనుమ దాటించి ఆమె పుట్టింట దింపాలి. దిష్టి తగలకుండా అతని భార్య సుయుంకన్ కారు చుట్టూ ఆర్చా అనే కొండచెట్టు కొమ్మల పొగ వేసింది.

బెర్మెత్ బిడ్డను పొదువుకుని కూర్చుని బెల్టు లాగింది.

"నా బండిలో బెల్టా? ముప్పై ఏళ్లుగా నడుపుతున్నానమ్మా! ఊళ్లోవాళ్లు చూస్తే నా పరువేం కాను?"

ఆమె బెల్టు వదిలేసింది. "ఆ తాయెత్తు వెనక ఎర్రగా వెలుగుతున్నదేంటి మామయ్యా?"

"బ్రేకు దీపం. వారం నుంచీ ఆరి చావట్లేదు. చూడలేక దాని మీద తాయెత్తు అంటించా."

"ముల్లాగారు మంత్రించి ఇచ్చిందే," అని భరోసా ఇచ్చింది సుయుంకన్.

బండి కదిలింది. గేటు ముందు వాలులో జుమాదిల్ బ్రేకు తొక్కాడు. కారు గట్టిగా మూలిగి, ఎదురింటి కంచెను గుద్దుకుని గానీ ఆగలేదు.

"ఆగిందిగా!" అన్నాడు జుమాదిల్.

కాపురానికొచ్చిన రెండేళ్లలో మామ ముందు గొంతెత్తని బెర్మెత్, బిడ్డతో సహా దిగిపోయింది.

"ఎక్కమ్మా! ఏం, నా మీద నమ్మకం లేదా?"

"మీ మీద ఉంది మామయ్యా. మీరు చెప్పినట్టల్లా వినడానికి బ్రేకు మీ కోడలు కాదు."