కాకి మోసిన నేరేడు పళ్ళు

వాగు ఒడ్డున ఉడుత కోసే నేరేడు పళ్ళంటే అడవంతా చెవికోసుకునేది. మోదుగాకు దొప్పలో పెట్టి, పైన ఆకు కప్పి, ముల్లు గుచ్చి, ఎవరివి వాళ్ళకి తనే అందించేది. అడిగేవాళ్ళు పెరిగారు. కోసినవి చేరేలోపే పులిసిపోతున్నాయి.

"మోత నాకొదిలెయ్యి అత్తా," అంది కాకి.

"దారిలో మింగవని నమ్మకమేంటి?"

"ఒక్క పండు తగ్గితే మళ్ళీ నా మొహం చూడకు."

ఉడుత ఒప్పుకుంది గానీ నమ్మలేదు. దొప్పకి ఒకటి గుచ్చేచోట మూడు ముళ్ళు గుచ్చింది. చాటుగా వెంటపడి కూడా చూసింది. వారం తిరిగినా ఒక్క ముల్లూ కదల్లేదు. అయినా అనుమానం చావలేదు. కొత్తగా పళ్ళు తెప్పించుకుంటున్న కుందేలునే అడుగుదామని దాని బొరియ దగ్గరికి వెళ్ళింది.

"నేరేడు పళ్ళ సంగతి మాట్లాడదామని వచ్చానమ్మా," అంది.

కుందేలు ఎగాదిగా చూసింది. "వద్దు తల్లీ. మాకు కాకి పళ్ళే అలవాటు. ఊరూ పేరూ తెలియనివాళ్ళ దగ్గర తీసుకోం," అని తల లోపలికి లాక్కుంది.

బొరియ పక్కన ఖాళీ దొప్పలు పడున్నాయి. ఒక్కోదానికీ మూడేసి ముళ్ళు.