డ్రమ్ములో తగ్గిన నూనె

కార్ఖానా వెనక డ్రమ్ము మూత తీసి చూశాడు ఇంజనీరు సోమేశ్వరరావు. నూనె బెత్తెడు తగ్గింది.

శేరిలింగంపల్లి కార్ఖానాలో పాత ట్రాన్స్‌ఫార్మర్ నుంచి తీసిన నూనె అది. నిప్పంటుకోదని అందరూ మెచ్చుకున్నదే. అది విషమని, ఒంటికి తగలనివ్వొద్దని పైవాళ్లు ఆ ఉదయమే ఫోనులో చెప్పారు. అది 1976 ఎండాకాలం.

కార్ఖానాలోనూ క్వార్టర్లలోనూ ఊడ్చే స్వీపరు కిష్టమ్మ సీసాలతో పట్టుకెళ్తోందని వాచ్‌మన్ చెప్పాడు.

"ఎక్కడ పెట్టావు కిష్టమ్మా?" అడిగాడు సోమేశ్వరరావు.

ఆమె చీపురందుకుని ఊడవసాగింది.

"పోలీసులకి అప్పగిస్తాను."

"అప్పజెప్పుండ్రి సారూ."

ఆయన కోపం నీరుగారిపోయింది. చేతులు జోడించాడు. "దొంగతనం సంగతి వదిలెయ్. అది విషం. నొప్పులకని ఎవరికైనా రాశావా? చర్మంలోంచి లోపలికి పోతుందట."

కిష్టమ్మ మొహం పాలిపోయింది.

"అమ్మనే తెమ్మన్నది సారూ. నడుము నొప్పికి మంచిదని ఎవరో చెప్పిన్రట. రోజూ నేనే రుద్దుతున్న. మీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నది."

"ఏ అమ్మ?"

"మీ ఇంట్ల అమ్మ."

సోమేశ్వరరావు అక్కడే కూలబడ్డాడు. ఆయన భార్యకి ఏడో నెల. పెళ్లయిన ఇన్నేళ్లకి నిలిచిన కడుపు.

"లేవుండ్రి సారూ, జల్ది పోదాం. సబ్బుపెట్టి కడుగుత," అంటూ కిష్టమ్మ ఆయన చెయ్యి పట్టుకుని లేపింది.

ఆమె చేతి నిండా పొక్కులు.