చేతులమీద నీళ్ళు

పడవ ఎక్కుతూనే పేచీ పెట్టింది ముసలావిడ.

"ఆ బుట్ట ఇలా ఇవ్వండి పెద్దమ్మా, వెనకాల పెడతాను" అంది ముతింటా. జాంబేజీ నది మీద సాయంత్రం షికారు తిప్పే పడవలో పానీయాలు అందించే పిల్ల ఆమె.

"నా బుట్ట నా ఒళ్ళోనే ఉంటుంది."

"పోనీ ముందుకెళ్ళి కూర్చోండి. ఏనుగులు బాగా కనిపిస్తాయి."

"మా మొక్కజొన్న చేను సగం మేసిపోయాయి ఏనుగులు. వాటిని చూడ్డానికి ఇంతదూరం రావాలా?" అంటూ ఆవిడ తిన్నగా వెళ్ళి, పడవ నడిపే చోల్వే పక్కన బల్లమీద చతికిలబడింది.

ముతింటా నెత్తి కొట్టుకుంది. ఆదివారం ఊరివాళ్ళకి సగం టిక్కెట్టే. ఇలాంటివాళ్ళు ఎవరో ఒకరు తగులుతూనే ఉంటారు.

చోల్వే ఆవిడ వంక చూడనైనా లేదు. అతని గొడవ అతనిది. చక్రం మీద వేళ్ళు వణుకుతున్నాయి.

పోయిన నెలలో, పొద్దుగూకే వేళ, లుయాండో అనే చేపలవాడి దోనెని నీటిగుర్రం తిరగేసింది. చోల్వే పడవ మళ్ళించుకుని వెళ్ళి అతన్ని పైకి లాగాడు. లాగాడే గానీ బతికించుకోలేకపోయాడు. అప్పటినుంచీ చక్రం పట్టుకుంటే చాలు, చేతులు మాట వినవు.

యజమాని చెడ్డవాడేం కాదు. అయినా చెప్పేశాడు. "ఇవాళ ఒక్కరోజు చూస్తాను చోల్వే. వణికే చేతులకి ఇంతమంది ప్రాణాలు ఎలా అప్పజెప్పమంటావ్?"

అదీ నిజమే. కానీ చోల్వేకి ఈ నది తప్ప వేరే పని తెలీదు.

"లుయాండోని పూడ్చేనాడు వెళ్ళి, ఆ ఇంటి గుమ్మంలో చేతులు కడిగించుకుని వచ్చుంటే ఈ తిప్పలు ఉండేవా అన్నా?" గొంతు తగ్గించి అంది ముతింటా.

"ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? కనబడితే నిలువునా చీరేస్తానందట వాళ్ళమ్మ."

"ఎవరు చెప్పారు?"

"సంతలో అందరూ అంటున్నారు."

"సంతలోవాళ్ళకి ఇంకేం పనుంది!"

పడవ కదిలింది. పొద్దు వాలుతోంది. ఒడ్డునుంచి ఏనుగుల మంద నీళ్ళలోకి దిగి ఎదుటి లంకకి ఈదడం మొదలుపెట్టింది. చోల్వే ఇంజను ఆపాడు. తెల్లవాళ్ళంతా కెమెరాలు పట్టుకుని ముందుకు ఎగబడ్డారు.

"ఆ దోనె తిరగబడింది ఎక్కడ నాయనా?" అంది ముసలావిడ ఉన్నట్టుండి.

చోల్వేకి ఒళ్ళు మండింది. ఎక్కిన ప్రతివాడికీ ఇదే కావాలి. ఇప్పుడు ఈవిడ కూడానా!

"అదిగో, ఆ రెల్లు దుబ్బు దగ్గర. చూశావుగా, ఇక ఏనుగుల్ని చూడు."

"ఒంటరిగా పోయాడా?"

నీటిగుర్రం ఎంత పెద్దదని అడిగారు గానీ, ఈ మాట ఇంతవరకూ ఎవరూ అడగలేదు. చోల్వే తల తిప్పి మొదటిసారి ఆవిడ మొహంలోకి చూశాడు.

"లేదు పెద్దమ్మా. నా ఒళ్ళోనే పోయాడు. చలేస్తోంది అన్నాడు. నా చొక్కా విప్పి కప్పాను. ఇప్పుడు బాగుంది అన్నాడు. అంతే." మళ్ళీ చక్రం వైపు తల తిప్పుకున్నాడు. "ఇంకాస్త ముందు వెళ్ళుంటే బతికేవాడేమో."

"ఊరుకో. నువ్వు వెళ్ళబట్టే మనిషి ఒళ్ళో పోయాడు. లేకపోతే మొసళ్ళ పాలయ్యేవాడు, పూడ్చుకోవడానికైనా దొరికేవాడు కాదు."

ఆవిడ చాలాసేపు రెల్లు వైపే చూస్తూ కూర్చుంది. తర్వాత బుట్ట మూత తీసింది. సంకటి, ఎండుచేపల కూర.

"తిను."

"పనిలో ఉన్నాను పెద్దమ్మా."

"ఏనుగులు దాటేదాకా నీకు పనేమిటి? చేతులు చాపు, నీళ్ళు పోస్తాను."

సీసాలోంచి నీళ్ళు పోసింది. చోల్వే ముక్కు ముడిచాడు.

"ఛీ, ఏం నీళ్ళివి? చేదు వాసన!"

"మా ఇంటి నీళ్ళు. నోరు మూసుకుని రుద్దుకో. మోచేతులదాకా."

చోల్వేకి నవ్వొచ్చింది. నవ్వి ఎన్నాళ్ళయిందో! ఆవిడ సీసా ఖాళీ అయ్యేదాకా పోసి, తన కొంగుతోనే తుడిచింది. ఇద్దరూ ఒకే గిన్నెలో చేతులు పెట్టి తిన్నారు. చోల్వే కడుపునిండా తిన్నాడు.

తిరుగుదారిలో పడవకి ఎదురుగా బుస్సుమని నీటిగుర్రం లేచింది. ముందున్నవాళ్ళు కెవ్వుమన్నారు. చోల్వే చక్రాన్ని ఒక్క తిప్పు తిప్పాడు. పడవ దాని పక్కనుంచి సాఫీగా జారిపోయింది.

అప్పుడు చూసుకున్నాడు తన చేతుల్ని. వణుకు లేదు. హమ్మయ్య అనుకున్నాడు. నెలరోజులుగా గుండెల మీద కూర్చున్నదేదో దిగిపోయింది.

రేవులో నిలబడ్డ యజమాని, పడవ వచ్చి ఆగిన తీరు చూశాడు. చోల్వే చేతుల వంకా చూశాడు.

"రేపు పొద్దున్నే వచ్చెయ్. డీజిల్ నింపాలి."

"అలాగే!" అని గట్టిగా అరిచినంత పని చేశాడు చోల్వే.

ఆ సంతోషంలో ముసలావిడ దిగి వెళ్ళడం గమనించలేదు. ముతింటా ఒక గుడ్డమూట తెచ్చి చేతిలో పెట్టింది.

"పెద్దమ్మ నీకిమ్మంది అన్నా."

విప్పాడు. చొక్కా. ఉతికి ఇస్త్రీ చేసి ఉంది. ఊడిన గుండీ చోట కొత్త గుండీ కుట్టి ఉంది. జేబు మీద పడవ బొమ్మ, దాని కింద దారంతో కుట్టిన తన పేరు.

లుయాండోకి కప్పిన చొక్కా.

చోల్వే గట్టెక్కి రోడ్డుదాకా పరుగెత్తాడు. ఊళ్ళకి వెళ్ళే వ్యాను అప్పటికే మలుపు తిరిగిపోయింది. దుమ్ము మాత్రం ఇంకా లేస్తోంది.

అక్కడే చతికిలబడి, చొక్కాలో మొహం దాచుకున్నాడు. చేతులు ఇంకా చేదు వాసన వేస్తున్నాయి. కొడుకుని పూడ్చి వచ్చినవాళ్ళ చేతులమీద, గుమ్మంలో నిలబడి, కన్నతల్లి పోసే ఆకుల నీళ్ళ వాసన.